కుబేరుడి గోడ

కాలేజీ బస్సు దిగి అపార్ట్‌మెంట్ గేటులోకి వచ్చేసరికి, కింద పార్కింగ్‌లో గేటుకు ఎదురుగా ఉన్న స్తంభం చుట్టూ నీలం టార్పాలిన్ పట్టా కట్టి ఉంది. లోపలి నుంచి చెవులు చిల్లులు పడేలా మిషన్ చప్పుడు. పట్టా పక్కకు లాగి చూశాను. మూతికి తువ్వాలు కట్టుకున్న ఒకతను స్తంభాన్ని చెక్కేస్తున్నాడు. కాంక్రీటు పైపొర ఊడిపోయి లోపలి చువ్వలు బయటపడ్డాయి. ఆ చువ్వల్ని చుట్టి బిగించి పట్టుకునే రింగులు కొన్ని అప్పటికే కోసి నేలమీద పారేశారు. దాని పైన అయిదంతస్తులు ఉన్నాయి. మూడో అంతస్తులో మా ఆయన ఆ వేళకు నా కోసం టీ పెడుతూ ఉంటారు.

మిషన్ ప్లగ్గు పీకేశాను. అతను తువ్వాలు దించి, మీరెవరన్నట్టు చూశాడు. ఎవరు చెక్కమన్నారని అడిగితే శ్రీనివాస్ సార్ అన్నాడు. ఎందుకని అడిగితే తెలియదన్నాడు. అతన్ని అని లాభం లేదు. చెక్కమంటే చెక్కుతాడు, పూడ్చమంటే పూడుస్తాడు. నా ఒళ్లు మండింది అతని మీద కాదు.

నేనెవరో చెప్పాలి కదా. నా పేరు శేషారత్నం. కండ్లకోయలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్ని. భూమి కదిలినప్పుడు ఇల్లు కూలకుండా ఉండాలంటే ఎలా కట్టాలన్నదే నా చదువు, నా ఉద్యోగం, మా ఆయన మాటల్లో చెప్పాలంటే నా పిచ్చి. అందులోనూ నేను పట్టుకుని కూర్చున్నది ఒకటే విషయం. కింద గోడలు లేకుండా ఒట్టి స్తంభాల మీద లేపి, ఆ ఖాళీలో కార్లు పెట్టుకునే అపార్ట్‌మెంట్లు. పైన గదుల గోడలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని పెట్టెలా బిగిసి ఉంటాయి. కింద మాత్రం ఒట్టి కాళ్లు. భూమి ఊగితే ఆ ఊపంతా కాళ్ల మీదే పడుతుంది. గుజరాత్ భూకంపం తర్వాత అహ్మదాబాద్ వెళ్లి ఇలాంటి మేడల్ని కళ్లారా చూశాను. పైన కిటికీ అద్దాలు కూడా పగలని మేడ ఒకటి, కింది కాళ్లు విరిగి, మొత్తంగా ఒక అంతస్తు కిందికి కూర్చుండిపోయింది. మొదటి అంతస్తు బాల్కనీ నేలకు ఆనుకుని ఉంది. ఆ బాల్కనీలో తీగమీద ఎవరివో పిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి. అప్పటి నుంచి ఇదే నా పని.

మరి నువ్వే అలాంటిదాంట్లో ఫ్లాటు ఎందుకు కొన్నావని మాత్రం అడక్కండి. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా అలాంటిది కాని అపార్ట్‌మెంట్ ఒకటి చూపించండి, రేపే సామాను సర్దుకుంటాను. దిగిన నాటి నుంచి అసోసియేషన్ మీటింగుల్లో చెబుతూనే ఉన్నాను, కింద కొన్ని స్తంభాల మధ్య కాంక్రీటు గోడలు లేపుదాం, ప్రాణానికి భరోసా ఉంటుందని. ప్రతిసారీ ఒకటే ప్రశ్న, ఎన్ని కార్ల చోటు పోతుంది మేడమ్ అని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఎక్కడెక్కడి సదస్సులకో పిలిచి శాలువాలు కప్పుతారు, మా లిఫ్టు పక్కన నిలబడి చెబితే మాత్రం వినేవాడు లేడు. రచ్చ గెలిచాను గానీ ఇంట గెలవలేదు.

శ్రీనివాస్ వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. ఈ స్థలం వాళ్ల నాయిన కాలంలో జొన్నచేను. బిల్డరుకు ఇచ్చి, సగం ఫ్లాట్లు వాళ్లు ఉంచుకున్నారు. ఇప్పుడు అతను వెంచర్లు వేస్తాడు, రాజకీయాల్లో తిరుగుతాడు, మా అసోసియేషన్‌కు ప్రెసిడెంటు కూడా అతనే. చెడ్డవాడనను. నీళ్ల ట్యాంకరు రాని రోజు తన బోరు నుంచి పైపు వేయించిన మనిషి. అందుకే ఇంకా కోపం, చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని.

అతను తాపీగా కారు దిగి విషయం చెప్పాడు. వాళ్లమ్మ సత్యమ్మగారికి మోకాలి ఆపరేషన్ చేసినా నయం కాలేదు, చక్రాల కుర్చీకి అతుక్కుపోయింది. తమ్ముడికీ అతనికీ భూమి తగాదా తెగడం లేదు. మొన్నటి ఎన్నికల్లో వార్డు చేజారింది. శామీర్‌పేట నుంచి వాస్తు సిద్ధాంతిని పిలిపిస్తే, గేటుకు సూటిగా స్తంభం ఉంది, ఇది ద్వారవేధ, గుమ్మం గుండెలో గునపం దిగినట్టే అన్నాడట. అందుకని స్తంభాన్ని పక్కకు జరుపుతున్నారు.

“రెండడుగులే మేడం. తీసేస్తలేం, జరుపుతున్నం. ఇంజనీర్‌ను పెట్టుకోనే చేస్తున్న, మీరు పరేషాన్ గాకుండ్రి.”

స్తంభమేమన్నా డైనింగ్ టేబులా జరపడానికి అన్నాను. అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు.

ఇంతలో ఆ ఇంజనీరు రానే వచ్చాడు. చూస్తే మా నాగసాయి. నా క్లాసులో మొదటి బెంచీలో కూర్చుని, స్తంభం మీద నేను వేసిన ప్రతి ప్రశ్నకూ చెయ్యెత్తిన పిల్లాడు. నన్ను చూడగానే వాడి మొహం మాడిపోయింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది. పైన అయిదంతస్తుల్లో ఆ స్తంభం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది కదరా, కింద కాలొక్కటీ పక్కకు జరిపితే అది దేనిమీద నిలబడుతుంది, ఈ ప్రశ్నకు నువ్వు పరీక్షలో జవాబు రాశావు గుర్తుందా అని అందరి ముందే అడిగాను. వాడు బూట్ల వంక చూస్తూ నిలబడ్డాడు.

“నేను కాదంటే ఇంకొకణ్ని పెట్టుకుంటారు మేడమ్. ఆ వచ్చేవాడు పైబరువు ఆపే జాకీలు కూడా పెట్టడు” అన్నాడు మెల్లగా.

ఆ మాట నన్ను ఇంకా మండించింది, ఎందుకంటే అందులో అబద్ధం లేదు. ఈ చుట్టుపక్కల ఎంతమంది నా విద్యార్థులు ఈ మాటే చెప్పుకుని బతుకుతున్నారో నాకు తెలుసు. ముందు ఆ రాత్రిలోగా దూలాల కింద జాకీలు ఎక్కించమన్నాను. తర్వాత వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, చెక్కిన స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాను. మిషన్ ఆన్ చేస్తే నా మీద నుంచే చెయ్యాలన్నాను. శ్రీనివాస్ ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, సరే మేడం ఇయ్యాళ ఆపుతం, శుక్రవారం మంచి రోజు, ఆ రోజు పిల్లర్ తీసుడు ఖాయం అని చెప్పి వెళ్లిపోయాడు. నాగసాయి మాత్రం జాకీలన్నీ బిగించాకే ఇంటికి వెళ్లాడు.

మర్నాడు సాయంత్రం అసోసియేషన్ మీటింగు పెట్టించాను. ఫ్లాట్లలో ఉన్నది సగానికి సగం మా గోదావరి, గుంటూరు వైపు నుంచి ఉద్యోగాలకొచ్చిన వాళ్లే. చదువుకున్నవాళ్లు, అప్పు చేసి ఇల్లు కొనుక్కున్నవాళ్లు, నా పక్షాన ఉంటారనుకున్నాను. అందరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. నేను మున్సిపాలిటీకి ఫిర్యాదు ఇస్తానన్నాక మాత్రం అందరికీ మాటలు వచ్చాయి. ఫిర్యాదు ఇస్తే నోటీసు మొత్తం బిల్డింగుకే వస్తుందన్నారు. రేపు అమ్ముకుందామంటే కొనేవాడుండడన్నారు. ఒకాయన నన్ను పక్కకు పిలిచి, వాళ్ల సెంటిమెంటు కదండీ, పైగా లోకల్స్, మనం చూసీచూడనట్టు పోవాలన్నాడు. సెక్రటరీ అయితే హైదరాబాద్‌కు భూకంపం రాదండీ అని తేల్చేశాడు, భూకంపం వచ్చేముందు ఆయనకు ఫోన్ చేస్తుంది కాబోలు.

నేను ములుగు దగ్గర భూమి కదిలిన రోజు గుర్తు చేశాను. ఆ పొద్దున మా ఇళ్లల్లో గ్లాసులు గలగలమంటే అందరూ పిల్లల్ని చంకనేసుకుని మెట్లన్నీ దిగి పరుగెత్తుకొచ్చారు. వచ్చి ఎక్కడ నిలబడ్డారు? ఈ పార్కింగ్‌లోనే. మొత్తం బిల్డింగులో అన్నిటికన్నా ముందు కూలే చోటు ఏదో వెతుక్కుని మరీ, దానికింద గుంపుగా నిలబడి, ఊళ్లల్లో చుట్టాలకు వీడియో కాల్స్ చేశారు. బయటికి రండి, రోడ్డుమీదికి రండి అని నేను గొంతు చించుకుంటే, ఎండగా ఉంది మేడమ్ అన్నారు. పొద్దున్నే ఎండేమిటి నా మొహం. ఇదంతా చెబితే మీటింగులో కొందరు నవ్వారు, తప్పు చేసినవాళ్లలా కాదు, పాత ముచ్చట గుర్తొచ్చినట్టు నవ్వారు. లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చాక మా ఆయన నోరు జారారు. బుల్లిబాబు ఆయన పేరు, బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యారు, ఎవరితోనూ గొడవ పడకుండా సర్వీసంతా నెట్టుకొచ్చిన మనిషి. ఆ వాస్తు ఆయన్నే వెళ్లి అడిగితే పోలా రత్నం, ఆయన వద్దంటే శ్రీనివాస్ ఆగుతాడు కదా అన్నారు. ఆయన్ని ఏమన్నానో ఇక్కడ రాయను. నా చదువు, నా పేపర్లు, నా వయసు, అన్నీ మూటగట్టి ఒక పంచాంగం ముందు పెట్టి దండం పెట్టమంటారా అని అడిగినట్టు గుర్తు. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు ఉప్మా చేసి ముందు పెట్టారు. తినలేదు. అవతల గోడ మీద గడియారం వంక చూస్తే, శుక్రవారం దగ్గరపడుతోందన్న సంగతి తప్ప ఇంకేమీ తోచలేదు. తెల్లవారి కాలేజీకి సెలవు పెట్టి, శామీర్‌పేట పదండి అన్నాను. ఆయన కారు తీశారు.

సిద్ధాంతి పేరు బాలనర్సయ్య. గడ్డాలూ రుద్రాక్షలూ ఉన్న దొంగసన్యాసి ఎవడో ఉంటాడనుకుని, దారి పొడుగునా తిట్లు కూర్చుకుంటూ వెళ్లాను. ఇస్త్రీ చొక్కా, జేబులో కొలిచే టేపు, చేతిలో దిక్సూచి, నుదుట సన్నగా విభూతి. వసారాలో ప్లాట్ల వ్యాపారులు వరుసగా కూర్చుని ఉన్నారు, ఒక్కొక్కడి చేతిలో ఒక చుట్టిన ప్లాను. ఇన్నేళ్లలో ఒక్క ప్లానుతో ఒక్కడన్నా నా గది ముందు ఇలా కూర్చున్నాడా? వాళ్లందర్నీ దాటుకుని లోపలికి వెళ్లి, ఆయన్ని నోటికొచ్చినట్టు అడిగేశాను. ఆ బిల్డింగు కూలితే ఎంతమంది పోతారో తెలుసా, ఆ పాపం మీ దిక్సూచి మోస్తుందా అన్నాను. ఆయన అడ్డు రాలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, ముందు సల్ల తాగుండ్రి అని మజ్జిగ గ్లాసు చేతికిచ్చాడు.

అప్పుడు చెప్పాడు. పిల్లర్ కూలగొట్టమని ఆయన అనలేదట. వేధ ఉంది, గేటు పక్కకు జరుపుకోమన్నాడట. గేటు జరిపితే శ్రీనివాస్ కొత్త కారు నిలిపే జాగా పోతుంది. అందుకని అతను పిల్లర్ మీద పడ్డాడు. అయితే ఆ మాటే శుక్రవారం వచ్చి చెప్పండి, నేను పొరపాటు పడ్డాను, అక్కడ వేధా లేదు గాధా లేదు అనండి, చాలు అన్నాను.

బాలనర్సయ్య తల అడ్డంగా ఊపాడు. “చెప్పిన మాట ఎన్కకు తీసుకుంటే రేపటి సంది నన్నెవ్వలు పిలువరమ్మా. దోషం లేదని చెప్ప. పరిహారం అడుగుండ్రి, ఎంతదైనా చెప్త.”

ఆ మాట దగ్గర నేను లేచి రావాల్సింది. నిజంగానే చెప్పులు వేసుకోబోయాను. అప్పుడాయన, నిజంగానే పడతదా అమ్మా గా బిల్డింగు అని అడిగాడు. ఆ అడగడంలో ఎకసెక్కెం లేదు. వాళ్లబ్బాయి కుత్బుల్లాపూర్‌లో అలాంటి అపార్ట్‌మెంట్‌లోనే ఉంటాడట, ములుగు కదిలిన రోజు భార్యాబిడ్డలతో పార్కింగ్‌లో నిలబడ్డాడట. మళ్లీ కూర్చున్నాను. కాగితం తీసుకుని కాళ్లు ఎలా విరుగుతాయో గీసి చూపించాను. మా మూడో సంవత్సరం పిల్లలకన్నా ఓపిగ్గా విన్నాడు.

సరే, మీకేం గావాలో చెప్పుండ్రి అన్నాడు. నేను చెప్పాను. గాయపడ్డ స్తంభానికి చుట్టూ కొత్త ఇనుము కట్టి కాంక్రీటు తొడగాలి. కింద నాలుగు మూలల్లో పునాది నుంచి గోడలు లేవాలి. ఆయన వెంటనే ఈశాన్యం మూల వేలుపెట్టి, ఇక్కడ బరువు పెట్టనీయను అన్నాడు. నైరుతిలో ఎంత మందం గోడైనా కట్టుకోమన్నాడు. ఒక మూల బరువుగా, ఒక మూల బోలుగా ఉంటే భూమి ఊగినప్పుడు బిల్డింగు మెలి తిరుగుతుంది, అన్ని వైపులా సమానంగా ఉండాల్సిందే అన్నాను. ఈశాన్యంలో గోడ అంటే నా నోట రాదన్నాడు. నా గొంతు మళ్లీ లేచింది. భూకంపానికి ఈశాన్యం ఏదో తెలుసా అని అడిగాను.

“భూకంపానికి తెలువది. శ్రీనివాస్‌కు తెలుసు” అన్నాడు బాలనర్సయ్య.

చాలాసేపు ఇద్దరం ఆ కాగితం మీద కొట్టుకున్నాం. ఆఖరికి నేనే అన్నాను, మూలలు వదిలేద్దాం, నాలుగు వైపులా సరిగ్గా మధ్యలో ఒక్కో గోడ పెడితే నాకు చాలు అని. లెక్క అక్కడక్కడే వేసి చూశాను, సరిపోతుంది. ఆయన కళ్లు మెరిశాయి. పెన్సిల్ తీసుకుని తూర్పు మధ్యలో ఇంద్రుడు, దక్షిణాన యముడు, పడమట వరుణుడు, ఉత్తరాన కుబేరుడు అని రాసేశాడు. దిక్పాలకుల స్థానాలు, అక్కడ గోడ ఉంటే ఎవ్వరూ కాదనరన్నాడు. తూర్పు మధ్యలోనే మన స్తంభం ఉంది. దాన్ని గోడలో కలిపేసి, గేటు కొంచెం ఈశాన్యం వైపు జరిపితే సరి. గోడలో కలిసిన పిల్లర్ ఇగ పిల్లర్ గాదు, వేధ ఏడికెల్లి వస్తదమ్మా అన్నాడు. స్తంభాన్ని గోడలో కలిపి బలం పెంచడం అనే ఈ పద్ధతి మీద నేను ఒక థీసిస్ రాయించాను. దాన్ని నేనూ పరీక్షకులూ తప్ప ఎవరూ చదవలేదు.

శుక్రవారం పొద్దున్నే బాలనర్సయ్య వచ్చాడు. నాగసాయీ వచ్చాడు, మిషన్ మనిషీ వచ్చాడు, అన్ని అంతస్తుల నుంచీ జనం దిగారు. నా మీటింగుకు రానివాళ్లు కూడా ఉన్నారు. బాలనర్సయ్య దిక్సూచి పట్టుకుని పార్కింగంతా తిరిగాడు, చెక్కిన స్తంభం ముందు ఆగి, బయటపడ్డ చువ్వను వేలితో తాకి చూశాడు. శ్రీనివాస్ చేతులు కట్టుకుని వెనకే నిలబడ్డాడు. తర్వాత ఆయన గొంతు పెద్దది చేసి, పిల్లర్‌ను గాయం చేసిండ్రు, గాయమైనదాన్ని ఊడబీకితే ఆ దెబ్బ ఇంటి పెద్దమనిషి మీదికే పోతది అన్నాడు. శ్రీనివాస్ మొహంలో నెత్తురు చుక్క లేదు. సత్యమ్మగారి గది కిటికీ వైపు చూశాడు. నేను సంఖ్యలతో చెప్పినప్పుడు అతని మొహం ఒక్కసారైనా అలా మారలేదు.

ఆ తర్వాత పరిహారం చెప్పాడు. నాలుగు దిక్కులకు నాలుగు గోడలు, కాంక్రీటువి, పునాది నుంచి లేవాలి, గేటు ఈశాన్యం వైపు జరగాలి. మందమెంత, ఇనుమెంత అన్నది ఇంజనీర్లు చూస్తరు అని నా వైపు చూడకుండానే అన్నాడు. ఎన్ని కార్ల చోటు పోతుందని ఒక్కడు అడగలేదు. ఒక్కడంటే ఒక్కడు, గేటు జరిగితే కొత్త కారు జాగా పోయే శ్రీనివాస్ కూడా. యముడి గోడ పలచగా ఉంటే ఏమవుతుందని మాత్రం ఒకావిడ అడిగింది. హైదరాబాద్‌కు భూకంపం రాదన్న సెక్రటరీ, తన కారు స్థలం ఉత్తరం వైపే కాబట్టి కుబేరుడి గోడ తన ఖర్చుతో కట్టిస్తానని ముందుకొచ్చాడు. అతని చొక్కా పట్టుకుని అడుగుదామనుకున్నాను, ఇన్నేళ్లుగా నేనడిగింది ఈ గోడే కదయ్యా అని. మా ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

గోడలు నేనే దగ్గరుండి కట్టించాను. కాలేజీ నుంచి రాగానే చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఇనుము దగ్గర నిలబడేదాన్ని. రింగు కొసలు లోపలికి, చువ్వల మధ్యలోకి వంగి కొరకాలి. ఈ చుట్టుపక్కల అందరూ కొసలు అడ్డంగా వంచేసి వదిలేస్తారు, ఊపు వచ్చినప్పుడు అవి పుల్లల్లా విచ్చుకుంటాయి. అలా వంచినవన్నీ విప్పించి మళ్లీ వంచించాను. పనివాళ్లు విసుక్కున్నారు, నేనూ విసుక్కున్నాను. నాగసాయి మాత్రం మారు మాట్లాడకుండా ఒక్కో రింగూ చేత్తో లాగి చూసి దాటాడు. వాడితో అప్పటికింకా సరిగా మాట్లాడటం లేదు.

పని పూర్తయిన రోజు పెద్ద హడావుడి చేశారు. ఉత్తరం గోడకు పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. సత్యమ్మగారిని చక్రాల కుర్చీలో తెచ్చి కొబ్బరికాయ కొట్టించారు. ఆమె మోకాలు ఎలా ఉందో అలాగే ఉంది. భూమి తగాదా కూడా అలాగే ఉంది. అయినా అందరి మొహాల్లో ఏదో గండం గడిచిన వెలుగు. బాలనర్సయ్యకు శాలువా కప్పి, పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఆయన ఫొటోల్లో కూడా తల వంచుకునే ఉన్నాడు. శ్రీనివాస్ నా దగ్గరికి వచ్చి, ఎంతో అభిమానంగా, ప్రసాదం ప్లేటు చేతిలో పెట్టి అన్నాడు.

“గిన్నేండ్ల సంది గంత సదివిండ్రు గని మేడం, గీ వాస్తు గూడ జర నేర్చుకుంటే మస్తుండేది.”

చుట్టూ ఉన్నవాళ్లు ప్రేమగా నవ్వారు. అదే భరించలేకపోయాను. ఎగతాళి చేసి ఉంటే నాలుగు దులిపేదాన్ని. ప్లేటు పట్టుకుని మెట్లెక్కి, లోపలికి వచ్చి, సోఫాలోకి విసిరేశాను. రవ్వకేసరి కుషన్లకంతా అంటుకుంది. మా ఆయన తడిగుడ్డ తెచ్చి తుడుస్తూ అన్నారు.

“గోడ నిలబడింది కదా రత్నం.”

“నా మాట నిలబడలేదండీ.”

ఆ రాత్రి నిద్ర పట్టిందో లేదో గుర్తు లేదు కానీ, కోపం మాత్రం తెల్లవారేసరికి కూడా అలాగే ఉంది. క్లాసుకు వెళ్లి బోర్డు మీద పార్కింగ్ ఉన్న మేడ బొమ్మ గీశాను. పిల్లలు రాసుకుంటున్నారు. వీళ్లలో ఎందరు రేపు నాగసాయిలా బూట్లు చూసుకుంటారో, అప్పుడు వీళ్లను ఏ వాస్తు ఆయన కాపాడతాడో అనిపించింది. సగంలో ఆపి క్లాసు వదిలేశాను. ఇలా ఎప్పుడూ చెయ్యలేదు.

కొన్నాళ్లకు బాలనర్సయ్య ఫోన్ చేశాడు. కౌకూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ ముందు నిలబడి ఉన్నానన్నాడు. ఎవరికో అమ్మాయి పెళ్లి కుదరడం లేదని పిలిపించారట. కింద పార్కింగ్ చూస్తే మాదానికన్నా సన్నటి కాళ్లట, ఒక్క గోడ కూడా లేదట. ఎక్కడ గోడలు లేపమని చెప్పాలో మీరు చెప్పుండ్రి, నేను జెప్త అన్నాడు.

నాకు మళ్లీ నెత్తికెక్కింది. నేనేమన్నా మీ అసిస్టెంటునా అని అడిగాను. పెళ్లి కుదరడానికీ స్తంభాలకూ సంబంధమేమిటని అడిగాను. ఒక ఇంజనీరును పిలిపించండి, ఇది ఇంజనీరు పని అని చెప్పండి, అంతమాత్రం చెప్పడానికి మీకు నోరు రాదా అని అడిగాను. ఆయన ఎప్పటిలాగే అంతా విన్నాడు.

“ఇంజనీర్ చెప్పిండంటే ఖర్సు అంటరమ్మా. నేను చెప్తే కడ్తరు. మీకు తెల్వదా?” అన్నాడు. “మీరు వద్దంటే పోత. కని ఈడ పిల్లలు మస్తుమంది ఉన్నరు. ఇస్కూల్ బస్సు కోసం పొద్దున్నే గీ పిల్లర్ల నడుమనే నిలవడతరట.”

పాతికేళ్లుగా రాసిన పేపర్లన్నీ నా గదిలో బీరువా నిండా ఉన్నాయి. వాటిని చదివి మేడ్చల్‌లో ఒక్క స్తంభానికి ఒక్క రింగు ఎక్కువ వేసినవాడు లేడు. ఈయన పేరు మీద, కుబేరుడి పేరు మీద, ఎవరిదో కుదరని పెళ్లి పేరు మీద గోడలు లేస్తాయి. నా పేరు ఎక్కడా ఉండదు. ఉండకూడదు కూడా, ఉంటే కట్టరు. ఈ దేశం మీద, ఈ జనం మీద, ఈ ఫోన్ అవతల ఓపిగ్గా నిలబడ్డ మనిషి మీద, అన్నిటికన్నా నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. కళ్లు తుడుచుకుని కాగితం లాక్కున్నాను.

“ముందు ఉత్తరం ఎటువైపుందో చెప్పండి” అన్నాను.